ఒకే తొట్టిలో రెండు షాఫ్టులు

పాసు దొరకలేదు.

పొద్దున ఎనిమిదింటి నుంచి వెతుకుతున్నారు. బీరువా రెండుసార్లు దులిపారు. మంచం గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగారు. చీఫ్ యూనిఫాం జేబులన్నీ బయటికి తిరగబడి వేలాడుతున్నాయి. పదయింది. పన్నెండుకల్లా అతను ఓడలో ఉండాలి, పాసు లేనిదే రేవు గేటు దాటనివ్వరు. మూడింటికి ఓడ కదిలితే మళ్ళీ రెండున్నర నెలలకు గాని ఒడ్డు మొహం చూడదు.

"రాత్రి ఈ మేకుకే తగిలించాను. నాకు బాగా గుర్తుంది," అన్నాడు చీఫ్ నాలుగోసారి.

"మేకు ఉంది కదా నాయనా. మేకునైతే ఎవరూ ఎత్తుకుపోలేదు," అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి."

"నేనేమన్నాను? మేకు ఉందన్నాను. ఉన్నదాన్ని ఉందనడం కూడా ఈ ఇంట్లో తప్పేనా?"

అతను స్కూటర్ డిక్కీ చూస్తానని బయటికి పోయాడు. చూసిన డిక్కీనే మళ్ళీ చూడటం అది మూడోసారి. ఓడలో బాయిలర్ గదికి పెద్ద కాబట్టి అక్కడ అందరూ అతన్ని చీఫ్ అంటారు. ఆ పిలుపు ఇంటిదాకా వెంటబడి వచ్చి ఇక్కడా స్థిరపడిపోయింది. పదకొండు మంది అతని మాట మీద నడుస్తారు. ఇంట్లో ఒక్క పాసు మాత్రం మాట వినలేదు.

ఇంత గాలింపు జరుగుతుంటే కుర్చీలోంచి కదలని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను మామగారు, ఓడల మరమ్మతు డిపోలో పంపుల మేస్త్రిగా చేసి రిటైరైనవాడు. టీ తెచ్చిస్తే అక్కడే తాగాడు. టిఫినుకు లేవమంటే ఆకలి లేదన్నాడు. పేపరు తిరగేసి పట్టుకున్నాడన్న సంగతి కూడా గమనించుకోలేదు.

కూతురు గమనించింది.

ఆమె కూడా ఆ డిపోలోనే పనిచేస్తుంది. ఓడల విడిభాగాలకు ఒక్కోదానికి ఒక్కో చరిత్ర కార్డు ఉంటుంది. ఎప్పుడు తయారైంది, ఏ ఓడలో ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు మరమ్మతు పడింది, అన్నీ అందులో రాయాలి. రాసేది ఆమే. అందుకని డిపోలో ఆమెను కార్డులమ్మ అంటారు. నిన్న సాయంత్రం నుంచి ఆమెకు ఏ కార్డు మీదా నమ్మకం లేదు.

అమ్మ వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, లే."

"ఎందుకు?"

"కుర్చీ మీంచి లే."

మేస్త్రి లేవలేదు. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అల్లుడు వెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్కపూట ఆలస్యమైతే ఓడ వెళ్ళిపోతుంది. మహా అయితే పైవాళ్ళు చివాట్లు పెడతారు. చివాట్లు తిన్నవాడు చావడు."

 నిన్న సాయంత్రం పెరట్లో కూర్చుని ఆయన కూతురికి అంతా చెప్పేశాడు.

ఆ డిపో చూసే ఓడలు ఆరు. ఆరూ ఒకే నమూనా మీద కట్టిన డిస్ట్రాయర్ యుద్ధనౌకలు. డిపోలో వాటిని అక్కచెల్లెళ్ళంటారు. పెద్ద అక్కలు ఐదుగురూ పని మానేసి రేవులో ఓ మూల తుప్పు పడుతున్నారు. చిన్నది ఒక్కటే తిరుగుతోంది. ఆ నమూనాకు భాగాలు చేసే ఫ్యాక్టరీ మూతబడి చాలాకాలమైంది కాబట్టి, అక్కల ఒంట్లోంచి ఊడదీసి చెల్లెలికి పెట్టడమే డిపో పని. చీఫ్ ఉన్నది ఆ చిన్నదాంట్లోనే.

బాయిలర్‌లోకి నీళ్ళు తోసే పంపులో షాఫ్టు అనే నిలువెత్తు ఉక్కు ఇరుసు ఒకటి తిరుగుతుంటుంది. ఇరవై వేల గంటలు తిరిగాక దాన్ని పారేయాలని నియమం. ఈ నియమం ఊరికే పుట్టలేదు. అక్కల్లో నడిపిదాంట్లో ఓసారి షాఫ్టు సముద్రం మధ్యలో విరిగింది. పంపు పగిలి ఆవిరి గదిలోకి కొట్టింది. ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకడు మేస్త్రితోపాటు ఒకే రోజు పనిలో చేరినవాడు.

తొమ్మిదేళ్ళ కిందట రెండు ఓడల పంపులు ఒకే రోజు విప్పాల్సి వచ్చింది. ఒక షాఫ్టు అప్పటికి పదిహేడు వేల గంటలు తిరిగిన ముసలిది. రెండోది నాలుగు వేలే తిరిగిన పడుచుది. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏదో చెప్పేది మెడకు కట్టిన ఇత్తడి బిళ్ళ. కడిగేటప్పుడు ఆ బిళ్ళ విప్పుతారు. అందుకే ఒక తొట్టిలో ఒకే షాఫ్టు వేయాలి. ఈ మాట వర్క్‌షాపు గోడ మీద ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. రాయించింది మేస్త్రే. ఆ రోజు మాత్రం రెండో తొట్టి కారుతోందని, టైము లేదని, రెంటినీ ఒకే తొట్టిలో వేశాడు. పైకి తీశాక బిళ్ళలు చేతికి తోచినట్టు కట్టాడు.

ముసలి బిళ్ళ ఉన్న షాఫ్టు మరో రెండేళ్ళకు గంటలు నిండి రద్దయింది. పడుచు బిళ్ళ ఉన్నది చేతులు మారి చిన్నదాని మొదటి పంపులోకి చేరింది. బిళ్ళలు సరిగ్గా పడి ఉంటే ఏ గొడవా లేదు. తారుమారై ఉంటే, చీఫ్ పక్కన తిరుగుతున్నది ఇరవై ఎనిమిది వేల గంటల షాఫ్టు. ఏది నిజమో మేస్త్రికే తెలియదు. ఇన్నాళ్ళూ ఓడ ఒడ్డు పట్టుకుని మెల్లగా తిరిగింది కాబట్టి కళ్ళు మూసుకుని గడిపేశాడు. ఈసారి రోజుల తరబడి పూర్తి వేగంతో పోతామని అల్లుడు మొన్న సంబరంగా చెప్పేసరికి ఆయనకు ముద్ద దిగలేదు.

"సరే నాన్నా. నీ అల్లుణ్ణి దాచావు," అంది కార్డులమ్మ. "ఆ గదిలో మిగతా వాళ్ళు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళంతా ఎవరి అల్లుళ్ళు?"

మేస్త్రి తల వంచుకున్నాడు. చేతివేళ్ళు పేపరు అంచును చింపుతూ పోయాయి.

"మూడింటికి ముందే నేను ఓడ ఆపిస్తాను. ఎర్ర ఫారం రాస్తాను. పాసివ్వు. టైముకు రాలేదంటే ముందు ఆయన మీద కేసు పెడతారు."

"ఎర్ర ఫారంలో కారణం రాయాలి."

"రాస్తాను."

"నా పేరు లేకుండా రాయలేవా?"

"ఎలా రాయను? కార్డు ప్రకారం ఆ షాఫ్టుకు ఏ రోగమూ లేదు."

"కొత్తగా చేరిన ప్రతి ఫిట్టర్నీ ఆ గోడ దగ్గర నిలబెట్టి నా పేరు చెప్తారే," అన్నాడు మేస్త్రి. అరవై ఏడేళ్ళ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమెకు జాలేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. రెండూ ఒకేసారి కలిగితే మనిషి ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

కాసేపటికి ఆయన తను కూర్చున్న దిండు కింద చెయ్యిపెట్టి పాసు తీశాడు. ఇవ్వబోయి ఆగాడు.

"అల్లుడికి మాత్రం చెప్పకు తల్లీ. వాడు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. వాడి కళ్ళలో నేను పడిపోతే ఇక ఈ ఇంట్లో ఉండలేను."

చెప్పనని తలూపింది. అది చెయ్యకూడని పని అని ఊపుతున్నప్పుడే ఆమెకు తెలుసు. కానీ కాగితం మీద పని జరిగిపోతే మొగుడితో ఆ సంగతి చెప్పాల్సిన అవసరం తనకు రాదనుకుంది. అందరినీ కాపాడదామనుకునే వాళ్ళు చేసే తప్పు ఇదే.

"దొరికిందా? ఎక్కడ?" అమ్మ పరుగున వచ్చింది.

"కుర్చీ సందులో."

అమ్మ కుర్చీని చూసింది. కుర్చీలోని మొగుణ్ణి చూసింది. "పొద్దుట్నుంచి ఆ కుర్చీలో ఉన్నది మీరే కదా?"

మేస్త్రి పేపరు మళ్ళీ తెరిచాడు. అప్పుడే లోపలికొచ్చిన చీఫ్ ఆ మాట విన్నాడు. భార్య చేతిలో పాసు చూశాడు. అతని మొహం వాడిపోయింది.

"మావయ్యా, నేనేమన్నా తప్పు చేశానా?"

"లేదు."

"మొన్నట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. ఏదైనా ఉంటే తిట్టండి. పాసు దాచడమేంటి?"

"ఎవరు దాచారు? సందులో పడింది," అన్నాడు మేస్త్రి గోడవైపు చూస్తూ. "జాగ్రత్తగా వెళ్ళిరా."

చీఫ్ ఇంకా నిలబడే ఉన్నాడు.  గది మధ్యలో జరిపిన మంచం అలాగే అడ్డంగా ఉంది. దాన్ని చుట్టి తిరిగి అతను సంచీ అందుకున్నాడు.

వీధి గుమ్మం దగ్గర భార్యను ఆపాడు.

"ఏమోయ్, ఇంట్లో ఏదో ఉంది. చెప్పు. రెండున్నర నెలలు దాన్ని మోసుకు తిరగలేను."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కిటికీలోంచి తండ్రి చూస్తున్నాడు.

"ఏం లేదు," అంది.

"నువ్వు అబద్ధం చెప్తే నీ చెవులు ఎర్రబడతాయి," అన్నాడతను. నవ్వలేదు. స్కూటర్ తీసి వెళ్ళిపోయాడు.

* * *

కార్డుల గదికి కిటికీ లేదు. తేమ తగిలితే కాగితం పాడవుతుందని కట్టినప్పుడే మూసేశారు. ఆరు ఓడలకు ఆరు వరసల ఇనుప అరలు, మధ్యలో ఒక మనిషి పట్టేంత దారి, చివర ఆమె బల్ల. ఆరేళ్ళుగా ఆమె పగలంతా అక్కడే గడుస్తోంది. ఏనాడూ ఊపిరాడనట్టు అనిపించలేదు, ఈరోజు తప్ప.

డిపో సూపరింటెండెంటు మీటింగులో ఉన్నాడన్నారు. ఎర్ర ఫారం మీద ఆయన సంతకం పడందే అది మామూలు కాగితం. ఒంటిగంట అయింది. ఒకటిన్నర అయింది. రెండుసార్లు వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. బయట కూర్చున్న గుమస్తా, "కాళ్ళు నొప్పెట్టవా అమ్మా, అయ్యాక నేనే పిలుస్తా కదా," అన్నాడు.

వెనక్కొచ్చి ఫారం రాసింది. ఓడ పేరు, పంపు, షాఫ్టు నంబరు గబగబా రాసేసింది. కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది. అచ్చు వేసినవాడు అక్కడ రెండు గీతలే ఇచ్చాడు. తొమ్మిదేళ్ళ సంగతి, తండ్రి పేరు, ఆయన చేసిన తప్పు, ఆ రెండు గీతల్లోనే ఇరికించింది. రాశాక చదువుకోలేకపోయింది.

రెండుంబావుకు పిలుపొచ్చింది.

సూపరింటెండెంటు మెత్తని మనిషి. ఆమెను ఎన్నడూ గట్టిగా మాట అనలేదు. ఫారం చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

"తలుపు వెయ్యమ్మా," అన్నాడు.

వేసింది.

"మేస్త్రి? మన మేస్త్రేనా?"

"అవును సార్."

"ఇంత పని చేసి ఇన్నాళ్ళూ..."  బల్లమీది కలం అటూ ఇటూ దొర్లించాడు. "సరే. ముసలి బిళ్ళతో రద్దయిన షాఫ్టు ఉంది చూడు, అదేమైందని చెప్పాడు మీ నాన్న?"

"కోసి పాత ఇనుములో వేశారని చెప్పాడు సార్. రద్దయినవన్నీ కోస్తారు కదా."

ఆయన ఫారం బోర్లించి బల్లమీద పెట్టాడు. 

"దాన్ని కోయలేదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు.

"నువ్వు చేరిన ఏడాది చిన్నదాని రెండో పంపు చెడింది. షాఫ్టు కావాలి. ఐదు ఓడలు గాలించాం, ఎక్కడా లేదు. ఓడ కదలాల్సిందేనని పైనుంచి ఒకటే ఒత్తిడి. కొట్లో ఈ రద్దయింది పడుంది. పైపైన సానపట్టించి, కొత్త బిళ్ళ కట్టించి, ఎక్కించేశాను. కొత్త బిళ్ళకు కొత్త కార్డు కావాలి కదా. రాయించాను."

"ఎవరి చేత?"

ఆయన ఆమెవైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

ఆమె లేచి తన గదికి పరిగెత్తింది. చిన్నదాని వరసలో రెండో పంపు కార్డు లాగింది. గుండ్రటి అక్షరాలు, కొత్తలో భయంభయంగా రాసిన రాత. తిరిగిన గంటలు, సున్న. కింద ఆమె సంతకం. ఆ రోజు బాగా గుర్తుంది. సూపరింటెండెంటు పక్కన నిలబడి చెప్పాడు, ఆమె రాసింది. నీ చేతిరాత ముత్యాల్లా ఉందమ్మా అని మెచ్చుకున్నాడు. ఇంటికెళ్ళి ఆ మెప్పు గురించి తండ్రితో గొప్పగా చెప్పుకుంది కూడా.

కార్డు పట్టుకుని తిరిగొచ్చేసరికి లెక్క తేలిపోయింది. రెండు షాఫ్టులూ ఒకే ఓడలో ఉన్నాయి. బిళ్ళలు ఎటు పడి ఉన్నా సరే, ముసలిది ఆ రెంటిలో ఒకటి. మేస్త్రి సగానికి సగం అని భయపడ్డాడు. సగం కాదు, అది అక్కడ ఉండి తీరుతుంది. ఆమె కార్డు ఆయన ముందు పెట్టింది.

"మీకు తెలుసు కదా సార్. రెండో పంపులోది ముసలిదని ఆరేళ్ళుగా తెలుసు."

"తెలుసు కాబట్టే దాని మీద భారం వెయ్యొద్దని ఓడకు కాగితం పంపాను. మొదటి పంపునే గట్టిగా వాడమన్నాను. అలాగే వాడుతున్నారు."

"ఇప్పుడు మొదటిదే ముసలిదైతే?"

 సూపరింటెండెంటు మొహంలో రక్తం లేదు. మొదటిది భద్రమన్నదే ఆరేళ్ళుగా ఆయన పడుకోబోయేముందు తనకు తాను చెప్పుకుంటున్న ఒకే ఒక్క మాట.

"సంతకం పెట్టండి సార్. టైము అవుతోంది."

"పెడితే విచారణ వస్తుంది. ముందు ఈ కార్డే తీస్తారు." ఆయన గొంతులో బెదిరింపు లేదు. అదే ఆమెకు ఎక్కువ భయమేసింది. "దీంట్లో నీ రాత ఉంది. నీ సంతకం ఉంది. నాది ఒక్క అక్షరం లేదు. నేను చెప్పించానని నేనే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటానని నేననుకుంటున్నాను. అంతదాకా వచ్చాక ఏమంటానో నాకే తెలీదమ్మా."

"ఈసారి పూర్తి వేగం సార్. పన్నెండు మంది."

"ఇన్నాళ్ళూ తిరిగింది కదా. ఇంకో రెండు నెలలు తిరగదా? తిరిగొచ్చాక మెల్లగా, మరమ్మతు పేరు చెప్పి రెండూ మార్చేద్దాం. మీ నాన్న పేరూ రాదు, నీ పేరూ రాదు."

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఒక్క క్షణం ఆమెకు ఆ మాట తీయగా వినిపించింది. రెండు నెలలు. ఎవరి పేరూ రాదు. తండ్రి కుర్చీలోంచి లేచి టిఫిను తింటాడు. అప్పుడు చీఫ్ సంచీ భుజాన వేసుకున్న తీరు కళ్ళముందుకొచ్చి ఆమె తన మీద తనే అసహ్యపడింది.

"ఓడకు ఫోన్ చెయ్యండి," అంది.

ఆయన ఫోను మీద చెయ్యి పెట్టాడు. ఎత్తలేదు. పెట్టిన చెయ్యి అలాగే ఉంచాడు. ఆమె చూస్తూ ఉంది, ఆయన ఆ చేతిని చూసుకుంటూ ఉన్నాడు. గడియారం ముల్లు రెండూ నలభై దాటింది.

ఆ చేతికిందే ఫోను మోగింది.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. ఆమె రిసీవరు అందుకుంది. ఓడ కదిలేముందు ఒడ్డు నుంచి వచ్చే ఫోను లైను తీసేస్తారు. ఆలోగా ఇళ్ళకు ఫోన్ చేసుకోవడం అక్కడ మామూలే.

"ఏమోయ్, నేనే. నువ్వు గదిలో లేవంటే ఇక్కడికి కలిపారు." చీఫ్ గొంతు వెనకనుంచి ఒకటే హోరు. "పొద్దున కోపంగా వచ్చేశాను. చెప్పిపోదామని చేశా."

"ఏ పంపు నడుస్తోంది?"

"ఇదేం ప్రశ్న? మొగుడు వెళ్తుంటే అడిగే మాటేనా ఇది?"

"చెప్పండి."

"ఇందాకటిదాకా మొదటిది. ఇప్పుడే రెండోదీ కలిపాం. ఎందుకు?"

"రెండూ ఆపండి."



"ఎవరి ఆర్డరు?" అన్నాడతను. ఇంట్లో ఎన్నడూ వినని గొంతు అది.

ఆమె సూపరింటెండెంటువైపు చూసింది. ఆయన కలం చేతిలోకి తీసుకున్నాడు. మూత తీయలేదు.

"ఆ రెండు షాఫ్టుల్లో ఒకటి ఇరవై వేల గంటలు ఎప్పుడో దాటింది. ఏదో ఎవరికీ తెలీదు. కార్డులో ఉన్నది అబద్ధం. రాసింది నేనే."

సూపరింటెండెంటు కళ్ళు మూసుకున్నాడు.

"సంతకం పెట్టిన కాగితం ఉందా?"

"లేదు."

"అది లేకుండా నువ్వు చెప్పావని ఓడ ఆగదు. ఆపితే నేనాపినట్టే. ఎందుకాపావంటే నీ పేరు చెప్పాలి." అతను ఆగాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు చీఫ్ గొంతు పోయి మొగుడి గొంతు వచ్చింది. "మావయ్యకు తెలుసా ఇది?"

ఆమె పలకలేదు. పలకకపోవడంతోనే అన్నీ చెప్పేసిందని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు.

"ఆపుతారా?" అంది.

 లైను తెగలేదు. అతని ఊపిరి వినబడుతోంది. దాని వెనకాల రెండు పంపులూ తిరుగుతూనే ఉన్నాయి.